గ్యాస్ కంపెనీలో పని

ఆ రోజు పొద్దున మా ఆయన బనీను విప్పి అద్దం ముందు నిలబడ్డాడు. కుడి భుజం మీద, ఛాతీ పక్కన ఎర్రగా, నీలంగా మచ్చలున్నాయి. మచ్చలు అనడం కూడా సరి కాదు. చర్మం కింద ఎవరో వల పరిచినట్టు గీతలు. దురదగా ఉందన్నాడు. రాత్రి జీపులో వస్తూ కప్పుకున్న దుప్పటి ఎన్నడు ఉతికారో, దాని వల్లే అయి ఉంటుందన్నాను. నేను బోధన్‌లో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతాను. బట్టను బట్టి దురద సంగతి చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే వేపాకు వేసి నీళ్లు కాచి, స్నానం చేయమని చెప్పి నా పనిలో నేను పడ్డాను.

మా ఆయన పేరు గంగాధర్. ముందురోజే మహారాష్ట్రలో ఒక డ్యాం దగ్గర పని ముగించుకుని, కంపెనీ జీపులో ఘాట్ రోడ్డు దాటి, తెల్లవారేసరికి ఇల్లు చేరాడు. మర్నాడు బోనాలు. పండుగకు రాకపోతే వాళ్లమ్మ, అంటే మా అత్తమ్మ, ఊరుకునే మనిషి కాదు.

స్నానం చేసి వచ్చి జొన్నరొట్టె ముందు కూర్చున్నాడు గానీ ముట్టలేదు. నడుము చుట్టూ పట్కా బిగించినట్టుందని, పొట్ట ఉబ్బినట్టుందని అన్నాడు. భుజం కూడా లోపల్నుంచి లాగుతోందట. అత్తమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి తెచ్చి, కొడుకును చాప మీద పడుకోబెట్టి, భుజం నుంచి నడుము దాకా తోమింది. మిగిలిన నూనె తలకు పట్టించింది. నూనె వృథా చేయడం ఆమె చేత కాదు. తర్వాత ఇద్దరూ కలిసి మా గల్లీ చివర ఉండే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లారు. పండుగ బ్లౌజుల కోసం జనం వచ్చి కూర్చుంటారని నేను షాపుకు వెళ్లాను.

అక్కడ జరిగింది అత్తమ్మ నాకు తర్వాత చెప్పింది. ఏమైందవ్వా అని ఆ ఆర్‌ఎంపీ అడిగితే, కొడుకు బొంబాయిలో గ్యాస్ కంపెనీలో పని చేస్తాడని, వేళకు తిండి ఉండదని, కడుపు బిగబట్టిందని ఈమె చెప్పింది. ఆయన పొట్ట మీద రెండు వేళ్లతో తట్టి చూసి, “గ్యాసే అవ్వా, పరేషాన్ గాకు” అన్నాడు. ఒక సూది వేసి, రెండు రకాల గోలీలు ఇచ్చి, కారం తగ్గించమని పంపించాడు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే వాళ్లమ్మ ముందు మాట్లాడాలి.

ఎందుకు మాట్లాడలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మా ఆయన గ్యాస్ కంపెనీలో పని చేయడు. ఆయన కమర్షియల్ డైవర్. నీళ్లలో మునిగి చేసే పని. డ్యాం గేట్ల రబ్బరు సీళ్లు మార్చడం, వంతెన పిల్లర్లు పరీక్ష చేయడం, పెద్ద పంపులకు నీళ్లు తీసుకునే బావుల్లో జాలీలకు పట్టిన చెత్త తీయడం, అవసరమైతే నీళ్ల కిందే వెల్డింగ్. టీవీలో రంగు చేపల మధ్య ఈదుతూ కనిపించే స్కూబా వేరు. అక్కడ వీపు మీద సిలిండర్ ఉంటుంది, తిరిగి చూడటానికి పోతారు. వీళ్లకు గాలి గట్టు మీది కంప్రెసర్ నుంచి గొట్టంలో వస్తుంది. తలకు బిందె అంత హెల్మెట్, అందులో మైకు, నడుముకు సీసం దిమ్మెల బెల్టు. గాలి గొట్టం, మైకు తీగ, తాడు అన్నీ కలిపి చుట్టిన దాన్ని అంబిలికల్ అంటారు. బొడ్డుతాడు అని అర్థమట. గట్టు మీద దాన్ని చేతిలో పట్టుకుని నిలబడే మనిషిని టెండర్ అంటారు. కిందివాడు ముందుకు పోతుంటే వదులుతూ, పైకి వస్తుంటే చుట్టుకుంటూ ఉండాలి. ఆ కింద కళ్లకు ఏమీ కనిపించదట, చేతులతో తడిమి చేయాలట. ఇవన్నీ ఆయన ఫోన్‌లో ఫొటోలు చూపించి నాకు చెప్పాడు. పెళ్లిచూపుల నాడే చెప్పాడు. అవ్వకు మాత్రం చెప్పొద్దని కూడా ఆ రోజే చెప్పాడు.

వాళ్లది నవీపేట్ అవతల గోదావరి ఒడ్డు ఊరు. మా వైపు గోదావరి అనరు, గంగ అంటారు. ఆయన చిన్నప్పుడు గంగకు వరద వస్తోందని, ఒడ్డున ఉన్న మోటరు కొట్టుకుపోకుండా తీసుకొద్దామని మా మామ దిగాడు. మోటరు దొరికింది, ఆయన దొరకలేదు. అప్పుడు అత్తమ్మ కొడుకు చేతిని తన తల మీద పెట్టించుకుని, నీళ్లలో దిగనని ఒట్టు వేయించుకుంది. మా ఆయన ఒట్టు వేశాడు. పెద్దయ్యాక చుట్టుపక్కల ఊళ్లలో బావుల్లో పడిపోయిన మోటర్లు తీసే పనికి ఒప్పుకున్నాడు. ఒట్టు గంగ మీదే గానీ బాయి మీద కాదు కదా అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. ఆ పని చూసిన ఒక కాంట్రాక్టరు బొంబాయి తీసుకెళ్లి ట్రైనింగ్ ఇప్పించాడు. మొదటి పని సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫారం దగ్గర. కాబట్టి గ్యాస్ కంపెనీ అన్న మాట పూర్తి అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్లు నిలబడింది.

మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి మనిషి పడుకునే ఉన్నాడు. పొద్దుటి నుంచి ఒంటేలు, అంటే మూత్రం, రాలేదన్నాడు. అత్తమ్మ బార్లీ నీళ్లు తాగిస్తోంది. పాదాలు తిమ్మిరెక్కాయన్నాడు. లేచి దొడ్లోకి వెళ్లి వచ్చాడు. వచ్చాక చూస్తే ఒక కాలికే చెప్పుంది. రెండోది గడప అవతలే జారిపోయింది. కాలికి చెప్పు లేదన్న సంగతి ఆయనకు తెలియలేదు. నేను చూపిస్తే కిందికి వంగి చూసుకున్నాడు, అలాగే మోకాళ్ల మీద కూలబడ్డాడు. మళ్లీ లేవలేకపోయాడు.

అప్పుడు నాకు భయమేసింది. పొద్దున ఆయన అన్న ముక్కలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చివరి డైవ్‌లో కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ సతాయించిందని, పెద్ద వరద రాకముందే గేటు పని అయిపోవాలని అందరూ తొందరలో ఉన్నారని, పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సినంత సేపు ఆగకుండానే లాగేశారని రొట్టె ముందు కూర్చుని నాకు మెల్లగా చెప్పాడు. లోతు నుంచి వచ్చేవాళ్లు మెట్టు మెట్టుకూ ఆగి ఆగి రావాలి, దానికి డికంప్రెషన్ స్టాప్ అని పేరు. నేను విన్నాను గానీ దాన్నీ పొట్ట నొప్పినీ కలిపి ఆలోచించలేదు. పక్కింటాయన కారులో వేసుకుని నిజామాబాద్ తీసుకెళ్లాం.

ఆసుపత్రిలో ముందు మూత్రం తీసే ట్యూబ్, క్యాథెటర్ వేశారు. సంచి నిండిపోయింది. కేసు రాసుకునే చిన్న డాక్టరు వరసగా ప్రశ్నలు అడిగాడు. బీపీ ఉందా అంటే లేదని చెప్పాం. షుగర్ ఉందా అన్నాడు. అత్తమ్మ ముందుకొచ్చి, “ఉండె సారూ, బంద్ వడ్డది” అంది. మా బోధన్‌లో షుగర్ అంటే ముందు ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. అది మూతపడి చాలా కాలమైంది. చిన్న డాక్టరు బంద్ అయింది మందులనుకుని, ఎవరు ఆపమన్నారని అడిగాడు. మా ఆయన స్ట్రెచర్ మీద నుంచే నవ్వాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత న్యూరో డాక్టరు వచ్చారు. నెమ్మదస్తుడు. అరికాళ్ల మీద తాళంచెవితో గీసి చూశారు, సూదితో పాదం నుంచి పొట్ట దాకా గుచ్చుతూ ఎక్కడ తెలుస్తుందో అడిగారు. బొడ్డు కింద ఏదీ సరిగా తెలియడం లేదు. ఏం పని చేస్తాడని అడిగారు. అత్తమ్మ గ్యాస్ కంపెనీ అంది. ఏ గ్యాస్, లీకేజీ ఏమైనా పీల్చాడా అని ఆయన అడిగారు. పొద్దున గ్యాస్ సూది వేశారని అత్తమ్మ చెప్పింది. ఇద్దరూ ఒకే మాట మీద చెరో దారిలో పోతున్నారు. చివరికి డాక్టరు, జీబీఎస్ అనే నరాల జబ్బు కావచ్చు, ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అనే వెన్నుపాము వాపు కావచ్చు, రేపు పొద్దున ఎమ్మారై తీసి మందులు మొదలుపెడదామన్నారు.

రేపు పొద్దున అనేసరికి నేను మా ఆయన వైపు చూశాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కాళ్లు కదలడం లేదు గానీ అది మాత్రం బాగానే కదులుతోంది. ఎదురుగా అత్తమ్మ నిలబడి ఉంది. నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

“సార్, ఈయనది గ్యాస్ కంపెనీ కాదు. నీళ్లల్ల మునిగే పని. నిన్నగూడ డ్యాంల మునిగొచ్చిండు” అన్నాను.

డాక్టరు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. ఎంత లోతు, ఎన్నిసార్లు, పైకి ఎలా వచ్చావు, వచ్చాక ఎక్కడెక్కడ తిరిగావు అని ఆయన్నే అడిగారు. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి మా ఆయన అన్నీ సరిగ్గా చెప్పాడు. ఘాట్ రోడ్డు సంగతి వినగానే డాక్టరు తల పట్టుకున్నారు. ఎత్తుకు వెళ్లడం కూడా విమానం ఎక్కినట్టే చెడ్డదట. “డికంప్రెషన్ సిక్‌నెస్. స్పైనల్ కార్డ్‌కు తగిలింది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూశాను, మనిషిలో చూడటం ఇదే” అన్నారు. దాపరికం లేకుండా ఆ మాట చెప్పినందుకు ఆయన మీద నాకు నమ్మకం కలిగింది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టించారు, సెలైన్ ఎక్కించమన్నారు, కూర్చోబెట్టొద్దు, పడుకోబెట్టే ఉంచాలన్నారు. ఫోన్ మీద ఫోన్ చేసి, హైదరాబాద్‌లో హైపర్‌బారిక్ చాంబర్ ఉన్న ఆసుపత్రి ఒకటి పట్టుకున్నారు. నడుస్తాడా సార్ అని అడిగాను. ఇప్పుడే వెళ్తే అవకాశం ఉంది, ఆగితే నేను ఏదీ చెప్పలేనన్నారు.

అత్తమ్మ గోడ పక్కన అలాగే నిలబడి ఉంది. “ఏ నీళ్లు?” అని నన్ను అడిగింది. డ్యాం నీళ్లు అని చెప్పాను. ఎన్నేండ్ల సంది అని అడిగింది. పెళ్లికి ముందు నుంచీ అన్నాను. ఆమె వెళ్లి అంబులెన్స్‌లో ముందు సీట్లో కూర్చుంది. డిచ్‌పల్లి దాటి హైవే ఎక్కినా, కామారెడ్డి దాటినా, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి కొడుకును చూడలేదు. మా ఆయన మాస్కులోంచి నన్ను మాత్రం చూస్తూనే ఉన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ అన్నీ విడమర్చి చెప్పింది. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. లోతులో ప్రెషర్‌కు అది రక్తంలో, ఒంట్లో కరిగిపోతుంది. మెల్లగా వస్తే ఊపిరితోనే బయటికి పోతుంది. గబగబా పైకి వస్తే సోడా మూత తీసినప్పటిలా లోపలే బుడగలు కడుతుంది. ఆ బుడగలు చర్మం కింద చేరితే వల లాంటి మచ్చలు, కీళ్లలో చేరితే భుజం నొప్పి, వెన్నుపాములో చేరితే పట్కా బిగించినట్టు నొప్పి, తర్వాత ఒంటేలు, కాళ్లు. పొద్దుటి నుంచి మేము విడివిడిగా చూసి, విడివిడిగా మందు వేసినవన్నీ ఒకే జబ్బు. వింటుంటే నా వేపాకు నీళ్లు గుర్తొచ్చి సిగ్గేసింది.

చాంబర్ అంటే ఇనుప ట్యాంకు. లావుపాటి గుండ్రటి అద్దాల కిటికీలు, లోపల మంచాలు. మనిషిని లోపల పెట్టి తలుపు బిగించి, గాలి నింపి, అరవై అడుగుల లోతులో ఉన్నంత ప్రెషర్ చేస్తారు. అక్కడ మాస్కుతో ఆక్సిజన్ పీల్పిస్తూ, గంటల తరబడి తీరిగ్గా పైకి తెస్తారు. ఆ పద్ధతికి టేబుల్ సిక్స్ అని పేరు. లోపలికి పంపేముందు టెక్నీషియన్ మా ఆయన తల వాసన చూసి ఆగిపోయాడు. నూనె ఉంటే లోపల నిప్పు అంటుకునే ప్రమాదమట, చుక్క కూడా ఉండకూడదట. నర్సు సబ్బు తీసుకొచ్చింది. అత్తమ్మ ఆమె చేతిలోంచి సబ్బు తీసుకుంది. స్ట్రెచర్ చివర తల వంచి పెట్టి, బకెట్ నీళ్లతో తను పెట్టిన నూనె తనే కడిగింది. వీపు, భుజాలు, చెవుల వెనక, అన్నీ. కళ్లలో సబ్బు పడితే కొంగుతో తుడిచింది.

తలుపు మూశాక లోపల మనిషి కిటికీ లోంచి కనిపిస్తున్నాడు. మాస్కు, పక్కన అటెండెంటు. మైకులో టెక్నీషియన్, “డౌన్ వెళ్తున్నాం, చెవులు క్లియర్ చేసుకోండి” అన్నాడు. డౌన్ అంటే ఏమిటని అత్తమ్మ నన్ను అడిగింది. మళ్లీ లోతుకు తీసుకుపోతున్నారని చెప్పాను. ఆమె ముఖం చూసి టెక్నీషియన్‌కు ఏమనిపించిందో, మైకు ఆమె చేతికిచ్చి మాట్లాడమన్నాడు. ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుంది.

“లోపట తడి ఉన్నదారా?”

“లేదవ్వా. పొడిగనే ఉన్నది” అన్నాడు మా ఆయన.

సరే అని మైకు తిరిగి ఇచ్చేసింది. అంతసేపూ బెంచీ మీద కూర్చోకుండా ఆ కిటికీ దగ్గరే నిలబడింది. అప్పటి వరకు గట్టిగా ఉన్న నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మొదటి సిట్టింగ్ అయ్యాక కుడికాలి బొటనవేలు కదిలింది. మేము సంబరపడ్డాం. మర్నాడు కుడి మోకాలు కొంచెం మడవగలిగాడు. ఎడమ కాలు మాత్రం మొండికేసింది. ఇంకో రెండు సిట్టింగ్‌ల తర్వాత డాక్టరమ్మ ప్లాటో వచ్చిందంది. అంటే బాగవడం అక్కడికి ఆగిందని. అదే సమయంలో చలిజ్వరం పట్టుకుంది. క్యాథెటర్ వల్ల యూరిన్ ఇన్‌ఫెక్షన్. జ్వరం తగ్గేదాకా చాంబర్ ఆపేశారు. ఆ రోజులే అన్నిటికన్నా కష్టం. వచ్చిన కాస్త బలం కూడా పోతుందేమోనని మా ఆయన గంటకోసారి బొటనవేలు కదిపి చూసుకునేవాడు. రాత్రీ పగలూ అదే పని. నన్ను కూడా చూడమనేవాడు. విసుగొచ్చి ఒకసారి, చూసింది చాలు, ఎక్కడికీ పోదన్నాను. తర్వాత బాధపడి నేనే వెళ్లి చూశాను.

జ్వరం తగ్గాక మళ్లీ చాంబర్ మొదలుపెట్టారు. ఎడమ తొడలో కాస్త కదలిక వచ్చింది. ఎమ్మారైలో వెన్నుపాముకు దెబ్బ కనిపిస్తోందని, ఇక్కడి నుంచి మెల్లగా వస్తుందని, ఎంత వస్తుందో తను మాట ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. ఫిజియోథెరపీ మానకూడదంది. చివరికి, “ఇక డైవింగ్ లేదు. జీవితాంతం” అంది. మా ఆయన, బావిలో కూడానా మేడమ్ అని అడిగాడు. బావిలో కూడా అందామె. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాళ్లు పోయాయన్నప్పుడు కూడా ఆ మనిషి ముఖం అలా కాలేదు. నాకు మాత్రం లోలోపల హాయిగా అనిపించింది. ఆ సంగతి ఆయనకు ఇది చదివితేనే తెలుస్తుంది.

వాకర్‌తో ఇల్లు చేరాం. ఒంటేలుకు రోజుకు ఇన్నిసార్లని ట్యూబ్ వేసుకోవడం నర్సు నేర్పించింది. ఫిజియో అతను వారంలో కొన్ని రోజులు ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజులు అత్తమ్మే. షాపులోంచి నా పాత టేపు తెచ్చి, వరండా పొడవు కొలిచి, ఇవాళ ఇక్కడి దాకా అని సున్నంతో గీత గీసేది. దాటకపోతే అన్నం పెట్టేది కాదు. మా ఆయన కోపంతో వాకర్ విసిరిన రోజు కూడా ఉంది. ఆమె దాన్ని తెచ్చి ముందు నిలబెట్టి, నీళ్లలో అంత దూరం పోయినవాడివి వరండా దాటలేవా అంది. డైవింగ్ సంగతి ఆమె నోట రావడం అదే మొదటిసారి. తిట్టే అయినా, ఇద్దరి మధ్యా మళ్లీ మామూలుగా మాటలు మొదలైంది అక్కడే. ఎందుకు దాచావని నన్ను కూడా చాన్నాళ్లు అడగలేదు. ఒకరోజు పక్కన కూర్చుని మిర్చి తొడిమలు తీస్తూ, “నువ్వు గూడ నాకు జెప్పకపోతివి” అంది. నేను కూడా ఆమె ముందున్న మిర్చి అందుకున్నాను. ఆమే మళ్లీ, “ఆడ దవఖానల జెప్పినవ్. గది సాలు” అంది.

మా ఆర్‌ఎంపీ చూడటానికి వచ్చాడు. మంచివాడే, పండ్లు తెచ్చాడు. జబ్బు వివరం అంతా విని, నేను ఆ రోజే గ్యాస్ అన్నాను కదా అన్నాడు. ఎవరమూ వాదించలేదు. నైట్రోజన్ కూడా గ్యాసే. ఆయన పేరు తప్పు చెప్పలేదు, చోటు తప్పు చెప్పాడంతే.

ఇప్పుడు మా ఆయన నడుస్తున్నాడు. ఎడమ పాదం కాస్త ఈడుస్తుంది, అందుకే ఎడమ చెప్పు ముందు అరిగిపోతుంది. దూరం వెళ్తే చేతికర్ర తీసుకుంటాడు. ట్యూబ్ అవసరం చాలా తగ్గింది. మెట్లు దిగేటప్పుడు కాళ్ల వైపు చూసుకుని దిగుతాడు. కాలు ఎక్కడ పడుతోందో కళ్లు చెబితేనే తెలుస్తుంది. ఊళ్లో బావిలో మోటరు పడిందని ఇప్పటికీ ఫోన్లు వస్తాయి. రానని చెప్పి, పెట్టేశాక కాసేపు ఊరికే కూర్చుంటాడు.

పనిలో మళ్లీ చేరాడు. ఇప్పుడు నీళ్లలో దిగడు, గట్టు మీద టెండర్. వేరే కంపెనీ. సైటు దగ్గరే చాంబర్ ఉంచుతారా, స్టాండ్‌బై కంప్రెసర్ ఉందా అని అడిగి, ఫొటోలు తెప్పించుకుని, ఆ తర్వాతే ఒప్పుకున్నాడు. బయల్దేరే రోజు బ్యాగు సర్దుకుంటుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది. ఈసారి ఏం పని అని అడిగింది.

“తాడు వట్టే పని అవ్వా. లోపటికి పోయినోని తాడు నా చేతిల ఉంటది” అన్నాడు.

అత్తమ్మ, లోపలికి పోయేవాడికి తల్లి ఉందా అని అడిగింది. ఉంటుంది కదా అన్నాడు.

“అయితే గట్టిగ వట్టు. తీసెటప్పుడు జల్ది తియ్యకు” అంది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు మీరు చేసే పని చెప్పండి, నొప్పి తర్వాత చెప్పండి. కంపెనీలో, బయట, ప్రైవేటు అని చెప్పకండి. నీళ్ల కిందనా, గని లోపలనా, మందులు కొట్టే పొలంలోనా, చేతులు దేని మీద పెడతారో అది చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఇంట్లో ఎవరికి చెప్పకపోయినా అక్కడ మాత్రం చెప్పండి.

మా ఇంట్లో దీన్ని అందరికన్నా బాగా పాటించేది అత్తమ్మ. మొన్న మోకాళ్ల నొప్పులని నేనే ఆమెను నిజామాబాద్ తీసుకెళ్లాను. కొత్త డాక్టరు. ఏమైందమ్మా అని అడిగాడు. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

“మా కొడుకు నీళ్లల్ల మునిగెటోడు సారూ” అంది. “గది ముందుగాల రాసుకో. ఇగ నా మోకాలు సంగతి జెప్త.”